టర్బో కారుకి కటౌట్: కొనే ముందు ఓ గేజ్ పెట్టి చూడండి

కటౌట్ అనగానే మనకి గుర్తొచ్చేది థియేటర్ ముందు పాలాభిషేకాలు చేయించుకునే అరవై అడుగుల హీరో. ఈ వారం మాట్లాడుకునేది ఆ కటౌట్ గురించి కాదు. ఇది కారు కింద, ఎవరికీ కనబడకుండా ఉంటుంది. కానీ తెరుచుకుంటే మాత్రం వీధి మొత్తానికీ వినబడుతుంది.

ఇంజిన్ నుంచి పొగ బయటికొచ్చే గొట్టం ఉంటుంది కదా, సైలెన్సర్‌కి ముందు దానికి ఒక పాయ చీల్చి, ఆ పాయకి ఓ తలుపు పెడతారు. అదే ఎగ్జాస్ట్ కటౌట్. తలుపు మూసి ఉంటే పొగ మామూలుగా సైలెన్సర్‌లోంచి వెళ్తుంది. తెరిస్తే సైలెన్సర్ దాకా పోకుండా అక్కడే బయటపడుతుంది. ఇదేమీ కొత్త ఐడియా కాదు. 1910ల నాటి అమెరికన్ కార్లలోనే కాలితో తొక్కి తెరిచే కటౌట్లు ఉండేవి. అప్పటి సైలెన్సర్లు పొగని బాగా అడ్డుకునేవి కాబట్టి, ఎత్తు ఎక్కేటప్పుడు కాస్త బలం కోసం తెరిచేవాళ్లు. ఊళ్లో జనానికి చెవులు చిల్లులు పడి, చాలా నగరాలు అప్పుడే వాటిని నిషేధించాయి.

వందేళ్లు దాటినా గొడవ అదే. ఇప్పుడు తలుపు తెరవడానికి కాలు బదులు రిమోట్ వచ్చింది, అంతే తేడా.

నేనుండేది డాలస్ దగ్గర. రోజంతా కోడ్ రాస్తాను, శని ఆదివారాలు కార్ల కింద దూరతాను. అందుకే కార్ల డౌట్లన్నీ నాకే వస్తాయి. మొన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేసి "అన్నా, కటౌట్ తీసుకుందామనుకుంటున్నా. రెండున్నర అంగుళాలదా, మూడంగుళాలదా?" అన్నాడు. వాడిది పాత గోల్ఫ్ జీటీఐ, రెండు లీటర్ల టర్బో ఇంజిన్. ఆఫర్ రాత్రికి అయిపోతుందట.

"సైజు తర్వాత చూద్దాం గానీ, అసలు నీ గొట్టంలో అడ్డు ఎక్కడుందో కొలిచావా?" అన్నాను.

అవతల నిశ్శబ్దం.

మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, యాప్ స్లోగా ఉందని ఎవరైనా అంటే ముందు ప్రొఫైలర్ పెట్టి చూస్తాం. డేటాబేస్‌లో ఆలస్యం పెట్టుకుని స్క్రీన్ మీద బటన్లు మారిస్తే లాభం లేదు. కారు గొట్టం కూడా అంతే.

టర్బోకి కటౌట్ ఎందుకు పనిచేస్తుంది?

మామూలు ఇంజిన్‌లో ఎగ్జాస్ట్ గొట్టాల పొడవు, వెడల్పు ఒక లెక్క ప్రకారం ఉంటాయి. ఒక సిలిండర్ నుంచి వెళ్లే పొగ తరంగం, తర్వాతి పొగని లాక్కెళ్లేలా వాటిని కొలిచి కడతారు. ఆ లెక్క చెడగొడితే బలం పెరక్కపోగా కొన్ని స్పీడ్ల దగ్గర తగ్గొచ్చు కూడా.

టర్బో కారు కథ వేరు. పొగ ముందు ఒక టర్బైన్ చక్రాన్ని తిప్పుతుంది. దాంతోపాటు అదే ఇరుసు మీదున్న ఇంకో చక్రం తిరిగి, గాలిని ఇంజిన్‌లోకి నెడుతుంది. టర్బైన్ దాటాక ఆ పొగ తరంగాలతో పెద్దగా పనిలేదు. అక్కడి నుంచి దారి ఎంత ఖాళీగా ఉంటే అంత మంచిది. ఎందుకంటే టర్బైన్‌ని తిప్పేది దానికి ముందున్న ఒత్తిడికీ, వెనకున్న ఒత్తిడికీ మధ్య నిష్పత్తి.

చిన్న లెక్క వేద్దాం. ఇవి ఉదాహరణ కోసం వేసుకున్న అంకెలు. టర్బైన్ ముందు గేజ్ మీద 20 పీఎస్ఐ, వెనక 4 పీఎస్ఐ ఉన్నాయనుకోండి. వాతావరణం ఒత్తిడి 14.7 కలిపితే ముందు 34.7, వెనక 18.7. నిష్పత్తి సుమారు 1.86. ఇప్పుడు కటౌట్ తెరిస్తే వెనక 4 కాస్తా 1 అయిందనుకుందాం. కలిపితే 15.7. అదే 1.86 నిష్పత్తి రావాలంటే ముందు 29.1 సరిపోతుంది. అంటే గేజ్ మీద 14.4.

చూశారా? వెనకాల 3 తగ్గిస్తే, ముందు ఐదున్నర తగ్గింది. పిస్టన్ పొగని బయటికి నెట్టేటప్పుడు దానికి ఎదురు నిలిచే బరువు అంత తగ్గినట్టు. టర్బో కూడా కాస్త ముందే పుంజుకుంటుంది. కాబట్టి "టర్బోకి కటౌట్ వేస్ట్" అనేవాళ్ల మాట నిజం కాదు. అక్కడ నిజంగానే ఫిజిక్స్ ఉంది.

కానీ ఈ లెక్క మొత్తం ఒక్క "అనుకోండి" మీద నిలబడింది. వెనకాల నిజంగా 4 ఉందా? మీ కారులో అది 1 మాత్రమే అయితే కటౌట్ తగ్గించడానికి ఏమీ మిగల్లేదు. అప్పుడు మీరు కొనేది చప్పుడు మాత్రమే.

దాని వెనకున్న అడ్డునే అది తీయగలదు

కటౌట్ ఎంచుకోవడంలో అసలు సంగతి ఇదే. టర్బో కారు గొట్టంలో అడ్డంకులు వరసగా ఉంటాయి: టర్బైన్, తర్వాత డౌన్‌పైప్, అందులో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్, తర్వాత మధ్య గొట్టం, రెజొనేటర్, చివర్లో సైలెన్సర్. కటౌట్ ఎక్కడ పెడితే, అక్కడి నుంచి వెనక ఉన్నవాటిని మాత్రమే తప్పిస్తుంది. ముందున్న ఇరుకు ఇరుకుగానే ఉంటుంది.

"అయితే క్యాటలిటిక్‌కి ముందే పెట్టేస్తే పోలా?" అన్నాడు మావాడు. అందరికీ వచ్చే ఆలోచనే. కానీ క్యాటలిటిక్‌ని తప్పించడం అమెరికాలో ఫెడరల్ చట్టం ప్రకారమే నేరం. క్లీన్ ఎయిర్ యాక్ట్ దానికి ఒప్పుకోదు. పైగా క్యాటలిటిక్ వెనకున్న ఆక్సిజన్ సెన్సర్ లెక్కలు తప్పి, చెక్ ఇంజిన్ లైటు వెలిగి కూర్చుంటుంది. టెక్సాస్‌లో మామూలు కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ 2025లో తీసేశారు గానీ డాలస్, కాలిన్, డెంటన్, టారెంట్ లాంటి కౌంటీల్లో ఎమిషన్ టెస్ట్ ఇంకా ఉంది. ఆ లైటుతో వెళ్తే ఫెయిలే.

ఇక టర్బోకే ముందు పెడితే? టర్బైన్‌ని తిప్పాల్సిన పొగ బయటికి పోయి, బూస్టే రాదు. కాబట్టి మిగిలిన చోటు ఒక్కటే: క్యాటలిటిక్ తర్వాత, సెన్సర్లన్నీ దాటాక, సైలెన్సర్‌కి ముందు.

ఆ చోట ఒత్తిడి కొలవడం సులువు. చాలా కార్లలో వెనక ఆక్సిజన్ సెన్సర్ క్యాటలిటిక్ దాటిన వెంటనే ఉంటుంది. దాన్ని విప్పి, ఆ రంధ్రంలో ఎగ్జాస్ట్ ప్రెషర్ గేజ్ అడాప్టర్ బిగించాలి. వేడికి రబ్బరు గొట్టం కరిగిపోకుండా ముందు కొన్ని అడుగులు రాగి గొట్టం పెట్టి, ఆ తర్వాత గేజ్‌కి కలపాలి. డైనో మీద ఒకసారి ఫుల్ థ్రాటిల్ లాగి, ముల్లు ఎక్కడిదాకా వెళ్లిందో చూడాలి. రెండు క్యాటలిటిక్‌లు ఉన్న కారైతే రెండోది దాటాకే కొలవాలి.

ఒకటి, ఒకటిన్నర పీఎస్ఐ లోపు ఉంటే కటౌట్ మాట మర్చిపోవచ్చు. నాలుగైదు దాటితే సైలెన్సర్ వైపు నిజంగానే గొంతు నొక్కుతోందని అర్థం. మధ్యలో ఉంటే మీరు కారుని ఎలా వాడతారన్నదాన్ని బట్టి. ఇవి చట్టం రాసిన అంకెలు కావు, గ్యారేజీల్లో వాడే మోటు కొలతలు.

ఇంకో మాట. అడ్డు ఉందని తేలినా కటౌట్ ఒక్కటే మందు కాదు. లోపల గోడల్లేకుండా నేరుగా సాగే సైలెన్సర్ వేసుకుంటే, కటౌట్ ఇచ్చే లాభంలో చాలా భాగం అదే ఇస్తుంది. చప్పుడు కాస్త పెరుగుతుంది గానీ కాలనీ లేచి కూర్చోదు.

ఏ రకం తలుపు?

సరే, కొలిచారు. అడ్డు ఉంది. నెలకో రెండు నెలలకో డ్రాగ్ స్ట్రిప్‌కి వెళ్తారు. అప్పుడు మార్కెట్లో దొరికేవి ఇవి.

మొదటిది బోల్టులతో బిగించే పలక. ఉన్నవాటిలో అతి చవక, అతి నమ్మకం. లీక్ దాదాపు ఉండదు. తెరవాలంటే కారు కింద దూరి స్పానర్ తిప్పాలి.

రెండోది ఎలక్ట్రిక్. గొట్టంలో సీతాకోక రెక్కలా తిరిగే పలక, దానికో చిన్న మోటారు, లోపల స్విచ్ లేదా రిమోట్. షోకు దీనిదే. కానీ టర్బో దాటాక కూడా పొగ వందల డిగ్రీల వేడి మీద ఉంటుంది. ఆ వేడికి మోటారు, లోపలి పళ్లచక్రాలు అలిసిపోతాయి. మసి పట్టి పలక సగంలో ఇరుక్కుంటుంది. ఇరుక్కునేది ఎప్పుడూ తెరిచి ఉన్నప్పుడే అని మెకానిక్కుల జోకు. ఇది పెట్టించుకుంటే, ఫెయిలైన రోజు నోరు మూయడానికి ఒక బోల్టు పలక, రెండు స్పానర్లు డిక్కీలో ఉండాల్సిందే.

మూడోది వ్యాక్యూమ్‌తో పనిచేసేది. టర్బో ఓనర్లు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. మామూలు ఇంజిన్‌లో ఇన్‌టేక్ మానిఫోల్డ్ నుంచి వ్యాక్యూమ్ దొరుకుతుంది. టర్బో ఇంజిన్ బూస్ట్‌లోకి వెళ్లగానే అక్కడ వ్యాక్యూమ్ పోయి, దానికి ఉల్టాగా ఒత్తిడి వస్తుంది. మీకు తలుపు అవసరమైన క్షణంలోనే దాన్ని కదిలించే శక్తి ఉండదు. వన్ వే వాల్వ్, వ్యాక్యూమ్ నిల్వ చేసే చిన్న ట్యాంకు కూడా పెడితేనే ఇది నడుస్తుంది. కిట్‌లో అవి ఉన్నాయో లేదో చూసుకోండి.

నాలుగోది బూస్ట్‌తో తెరుచుకునేది. బూస్ట్ ఒక హద్దు దాటగానే స్ప్రింగ్‌ని నెట్టి తెరుచుకుంటుంది, తగ్గగానే మూసుకుంటుంది. సిగ్నల్ దగ్గర నిశ్శబ్దంగా ఉంటుంది. తెలివైన డిజైనే. కానీ హైవే మీద ఓవర్‌టేక్ చేసిన ప్రతిసారీ అది మిమ్మల్ని అడక్కుండానే అరుస్తుంది.

సైజు విషయం: మూడంగుళాల గొట్టం వైశాల్యం, రెండున్నర అంగుళాల దానికంటే 44 శాతం ఎక్కువ. వినడానికి బాగుంది. కానీ దానికి ముందున్న గొట్టం రెండున్నరే అయితే, మూడంగుళాల కటౌట్ పెట్టినా వచ్చేది రెండున్నరలోంచే. ముందు గొట్టం ఎంతో, కటౌట్ అంతే. పాయ టీ అక్షరంలా అడ్డంగా కాకుండా, వాలుగా చీలాలి. మొన నేరుగా కిందికి కాకుండా పక్కకి, వెనక్కి తిరగాలి. పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టాలు, వైర్లు, యాక్సిల్ రబ్బరు బూట్ల వైపు అస్సలు కాదు. జీటీఐ లాంటి కార్లు నేలకి దగ్గరగా ఉంటాయి కాబట్టి, డ్రైవ్‌వే వాలు ఎక్కేటప్పుడు తగలకుండా ఎంత ఎత్తు మిగులుతుందో వెల్డింగ్‌కి ముందే టేపు పెట్టి చూసుకోవాలి.

తెరిచాక ఇంజిన్ ఏమంటుంది?

చాలామంది వదిలేసే విషయం ఇది. బూస్ట్ హద్దు దాటకుండా చూసేది వేస్ట్‌గేట్. ఎక్కువైన పొగని అది టర్బైన్ పక్క నుంచి పంపేస్తుంది. వెనక దారి ఒక్కసారిగా ఖాళీ అయితే, టర్బైన్‌లోంచి పొగ ఇంకా జోరుగా పోతుంది. వేస్ట్‌గేట్ చిన్నదైతే ఆ జోరుని పూర్తిగా మళ్లించలేదు. అప్పుడు బూస్ట్ మనం అనుకున్న హద్దు దాటి మెల్లగా పాకుతుంది. దీన్నే బూస్ట్ క్రీప్ అంటారు. ఈసీయూ గమనించి ఇంధనం ఆపేస్తే అదృష్టం. లేదంటే ఇంజిన్‌లో నాకింగ్ మొదలై, పిస్టన్ల మీదకి వస్తుంది.

కాబట్టి ట్యూనింగ్ చేయించేవాళ్లు తలుపు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి డేటా లాగ్ చేయించాలి. బూస్ట్, ఇంధనం నిష్పత్తి, నాక్ కరెక్షన్ మూడూ రెండు స్థితుల్లో చూడాలి. రెండు బ్రాంచ్‌లున్న కోడ్‌కి ఒక్క బ్రాంచ్‌నే టెస్ట్ చేసి రిలీజ్ చేయం కదా.

మనుషుల ప్రాణం సంగతి కూడా ఉంది. మామూలుగా పొగ కారు వెనక నుంచి పోతుంది. కటౌట్‌తో అది మీరు కూర్చున్న చోటుకి దగ్గర్లోనే బయటపడుతుంది. ఫ్లోర్‌లో ఎక్కడైనా రబ్బరు బిరడా ఊడినా, అద్దాలు దించినా లోపలికి రావచ్చు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు క్యాటలిటిక్ సరిగ్గా పనిచేయదు. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ. దానికి రంగూ వాసనా ఉండవు. గ్యారేజీలో, ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు తలుపు తెరవకండి.

చట్టం, పక్కింటి పాప

టెక్సాస్ రవాణా చట్టంలో సెక్షన్ 547.604 అని ఒకటుంది. రోడ్డు మీద తిరిగే కారుకి మంచి సైలెన్సర్ ఉండాలి, మఫ్లర్ కటౌట్‌గానీ బైపాస్‌గానీ వాడకూడదు అని దాని సారాంశం. కాలిఫోర్నియా ఇంకో మెట్టు పైన ఉంది. అక్కడ వాడటం సంగతి అటుంచి, సైలెన్సర్‌కి కటౌట్ అమర్చి ఉండటమే తప్పు. బే ఏరియాలో ఉన్న ఫ్రెండ్స్‌కి ఈ కాలమ్ ఇక్కడితో అయిపోయినట్టే. ట్రాక్‌కి వెళ్తే ఎంత చప్పుడైనా చేసుకోవచ్చు అనుకుంటే అదీ కుదరదు. అక్కడి లగూనా సెకా ట్రాక్‌లో చాలా రోజుల్లో 90 డెసిబెళ్ల హద్దు ఉంటుంది. దాటితే పక్కకి పిలుస్తారు.

మన ఊళ్లలో అయితే చెప్పక్కర్లేదు. బుల్లెట్ సైలెన్సర్లు పీకించి, రోడ్డు మీద వరసగా పేర్చి, రోలర్‌తో తొక్కించిన వీడియోలు చూసే ఉంటారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌ని మనిష్టం వచ్చినట్టు మార్చకూడదు. ఐ20 ఎన్ లైన్ కొనుక్కుని ఇది చదువుతున్న హైదరాబాద్ తమ్ముళ్లకి నా సలహా, కటౌట్ ఆలోచన పక్కన పెట్టేయండి.

చట్టం కంటే ముందు పక్కిల్లు ఉంటుంది. ఫోర్డ్ కంపెనీ 2018 మస్టాంగ్‌లో "గుడ్ నైబర్ మోడ్" అని పెట్టింది. ఫలానా టైము నుంచి ఫలానా టైము దాకా కారు మెల్లగా స్టార్ట్ అవ్వాలని ముందే సెట్ చేసుకోవచ్చు. ఫోర్డ్‌లోనే పనిచేసిన ఒక ఇంజినీరు పొద్దున్నే మస్టాంగ్ స్టార్ట్ చేస్తే, పక్కింటివాళ్లు పోలీసులకి ఫోన్ చేశారట. ఆ సంఘటన నుంచే ఈ మోడ్ పుట్టింది. చప్పుడు అమ్ముకునే కంపెనీకే ఆ బుద్ధి వచ్చింది.

మా తమ్ముడి అపార్ట్‌మెంట్‌లో పై ఫ్లాట్‌వాళ్లు తెలుగువాళ్లే. రెండు నెలల పాప, సాయానికి ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మ. వీడు నైట్ షిఫ్ట్ అయ్యి ఇంటికొచ్చేది రెండింటికి. రిమోట్ జేబులో ఉన్నప్పుడు రాత్రి రెండింటికి బొటనవేలు ఊరుకుంటుందా? "ఊరుకోదు అన్నా" అని వాడే ఒప్పుకున్నాడు.

వాడి గేజ్ చూపించింది మూడున్నర. మధ్యరకం. వాడు ఎనిస్‌లో ఉన్న టెక్సాస్ మోటార్‌ప్లెక్స్‌కి వెళ్లేది ఏడాదికి రెండుసార్లు, మహా అయితే మూడు. అందుకని తేల్చింది ఇది: రెండున్నర అంగుళాల పాయ, వాలుగా, బోల్టు పలకతో. స్ట్రిప్‌కి వెళ్లాక పది నిమిషాలు కష్టపడి విప్పడం, ఇంటికి బయల్దేరే ముందు బిగించడం. ఎలక్ట్రిక్ దానికంటే చవక, లీక్ తక్కువ. అన్నిటికంటే ముఖ్యంగా, రోడ్డు మీద మనసు లాగినా చెయ్యి అందదు.

స్ట్రిప్‌లో వాడికి చెప్పిన పని ఇంకొకటుంది. ఒకే రాత్రి, మూడు రన్‌లు మూసి, మూడు రన్‌లు తెరిచి. టైమ్ స్లిప్‌లో క్వార్టర్ మైలు చివర ఉండే స్పీడ్ చూడాలి. బలం పెరిగిందా లేదా అన్నది, పట్టిన సెకన్ల కంటే ఆ స్పీడే బాగా చెబుతుంది. స్టార్టింగ్‌లో టైరు జారినా దాని మీద పెద్దగా తేడా పడదు. చెవిని నమ్మొద్దు. చప్పుడు పెరిగితే కారు పరిగెడుతున్నట్టే అనిపిస్తుంది, స్లిప్ మీద అంకె కదలకపోయినా.

మూడు రన్‌ల సగటులో తేడా కనబడకపోతే ఆ పలక విప్పాల్సిన పనే లేదు. కనబడితే, మీ డబ్బుకి ఏం వచ్చిందో కాగితం మీద ఉంటుంది. కొనాలనుకునేవాళ్లు ముందు గేజ్ అద్దెకి తెచ్చుకోండి. ముల్లు ఎక్కడ ఆగిందో చూసేదాకా కార్డు జేబులోనే ఉంచండి. ఆఫర్లకేం, వచ్చే వారం మళ్లీ వస్తాయి.